పొగగొట్టం మారిస్తే బండి పరుగు పెరుగుతుందా?

"సైలెన్సర్ సంగతి గాదు సార్. ఇంజన్ల నుంచి పొగ బయటపడే మొదటి గొట్టం మారిస్తే బండి నిజంగనే ఉరుకుతదా? లేకుంటే ఉత్త సప్పుడేనా?"

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక రేకుల షెడ్డు ముందు నిలబడి అడిగాడా కుర్రాడు. పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో షిఫ్ట్ ఇంజనీరు. పక్కనే అతని కారు, 2002 నాటి హోండా సిటీ వీటెక్. ఫెరారీ కొనలేనివాళ్ళ స్పోర్ట్స్ కారు అది. 1500 సీసీ ఇంజను, 106 అశ్వశక్తి. ఇరవయ్యేళ్ళు దాటినా దాన్ని వదలని వీరాభిమానులు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. షెడ్డు యజమాని స్టీలు గొట్టాలు అతికే మనిషి. నాలుగు గొట్టాలు తీసుకుపోయి ఒక్కటిగా కలిపే హెడర్ అనే వస్తువును చేయించుకోవడానికి కుర్రాడు అక్కడికి వచ్చాడు.

ప్రశ్న మంచిది. పొగ పారేసే వస్తువే కదా, పారేసేదానికి ఏ గొట్టమైతే ఏమిటి? చెత్తబుట్ట మారిస్తే వంట రుచి మారుతుందా? ఇంజను విషయంలో మారుతుంది. ఎందుకో తెలియాలంటే ముందు ఇంజను ఊపిరి సంగతి చూడాలి.

ఊపిరి వదలడం

కారు ఇంజనులో ఒక్కో సిలిండరు నాలుగు పనులు చేస్తుంది: పీల్చు, నొక్కు, కాల్చు, వదులు. మొదటి మూడింటి గురించి అందరూ మాట్లాడతారు. నాలుగోదాన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. గుండె నిండా గాలి పీల్చాలంటే ముందు ఉన్నది వదలాలని ప్రాణాయామం నేర్పేవాళ్ళు మొదటిరోజే చెబుతారు. ఇంజనుకూ అంతే. కాలిన వాయువు కాస్త మిగిలిపోతే ఆ మేరకు కొత్త గాలికి చోటు తగ్గుతుంది. గాలి తగ్గితే పెట్రోలూ తగ్గాలి, బలమూ తగ్గుతుంది. పైగా మిగిలినదాన్ని బయటికి నెట్టడానికి పిస్టను తన బలాన్నే ఖర్చుపెట్టాలి.

దీనికి ఉన్న వ్యవధి ఎంత? ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరుగుతుంటే ఒక చుట్టుకు సెకనులో నూరో వంతు. పిస్టను అడుగు నుంచి పైకి వచ్చి పొగను నెట్టేది అందులో సగం సేపు, అంటే సెకనులో రెండువందలో వంతు. కనురెప్ప ఒకసారి పడి లేచేలోగా ఆ సిలిండరు చాలాసార్లు ఊపిరి వదిలేసి ఉంటుంది. నాలుగు సిలిండర్లూ కలిసి సెకనుకు 200 సార్లు. సెకనుకు 200 కంపనాలంటే కచేరీల్లో ఆడవాళ్ళు పాడే అయిదు శ్రుతికి దాదాపు దగ్గర. కారు మోతలో పాట వినిపిస్తోందని ఎవరైనా అంటే పూర్తిగా కొట్టిపారేయకండి.

కంపెనీ నుంచి వచ్చిన కారులో ఈ నాలుగు ముక్కులకూ కలిపి పోత ఇనుముతో చేసిన ఒక పొట్టి, బరువైన గొట్టం ఉండటం ఎక్కువ. దాన్ని మానిఫోల్డ్ అంటారు. పొగ తలుపుల (ఎగ్జాస్ట్ వాల్వుల) నుంచి నాలుగు అంగుళాలు పోగానే నాలుగు సిలిండర్ల పొగా ఒకదాన్నొకటి గుద్దుకుంటుంది. కంపెనీ ఇంజనీర్లకు ఇది తెలియదని కాదు. పోత ఇనుము చవక, సప్పుడు మింగుతుంది, ఏళ్ళ తరబడి పగలదు. జహీరాబాద్ మహీంద్రా ఫ్యాక్టరీలో తయారయ్యే ట్రాక్టరును తీసుకోండి. నిమిషానికి రెండువేల చుట్ల దగ్గర రోజంతా ఒకే ఊపున దున్నే ఇంజను అది. దానికి పోత ఇనుమే తగిన సొమ్ము. కారులో పరుగు కోరుకునేవాడికే అది గొంతులో అడ్డంగా తోస్తుంది.

గొట్టం ఎంత లావుంటే అంత మంచిదని చాలామంది నమ్మకం. కాదు. నీళ్ళ పైపు మూతిని వేలితో నొక్కితే ధార దూరం చిమ్ముతుందని తోటకు నీళ్ళు పట్టే పిల్లవాడికి కూడా తెలుసు. పొగ కూడా సన్నని దారిలో వేగంగా పోతుంది, వేగంగా పోయేది తన వెనక ఉన్నదాన్ని లాక్కుపోతుంది. 65వ నంబరు జాతీయ రహదారి మీద, ముత్తంగి దగ్గర రోడ్డు పక్కన నిలబడితే కళ్ళారా చూడొచ్చు. లారీ దూసుకుపోగానే దుమ్ము, చాయ్ కప్పులు, చినిగిన కాగితాలు దాని వెనకే పరుగెడతాయి. మరీ లావు గొట్టంలో పొగ బద్ధకిస్తుంది, ఈ లాగుడు పోతుంది. "కొంచెం బ్యాక్ ప్రెషర్ ఉండాలె" అని మెకానిక్కులు అనే మాట వెనక ఉన్న నిజం ఇదే. ఇంజనుకు ఎదురొత్తిడితో పనిలేదు, దానికి కావాల్సింది పొగ వేగం. మాట తప్పయినా వాళ్ళ అనుభవం తప్పు కాదు.

క్యూలో వెనక్కి నడిచే ఖాళీ

అసలు మాయ ఇంకా ముందుంది.

పొగ తలుపు తెరుచుకునే క్షణంలో సిలిండరులో ఒత్తిడి బయటి గాలికి మూడు నాలుగు రెట్లు ఉండొచ్చు. ఒక్కసారిగా తెరిచేసరికి గొట్టంలోకి ఒక దెబ్బ తగులుతుంది. ఆ దెబ్బ అలగా ముందుకు పోతుంది. పొగ కంటే అల చాలా త్వరగా పోతుంది. మామూలు గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతే, అయిదువందల డిగ్రీల వేడి వాయువులో 550 మీటర్లు పోతుంది. దీన్ని తోపు అల అందాం. ఇది గొట్టం చివరికి, విశాలమైన చోటికి చేరగానే ఒక విచిత్రం జరుగుతుంది. తోపు అల వెనక్కి తిరిగేటప్పుడు లోటు అలగా మారుతుంది.

బావిలో అరిస్తే అరుపే తిరిగొస్తుంది, మరి ఇక్కడ తోపు లోటుగా ఎలా మారింది? రుద్రారం గణేశ్‌గడ్డ గుడి దగ్గర సంకటహర చతుర్థి నాడు క్యూలో నిలబడ్డారనుకోండి. వెనకనుంచి ఎవరో తోశారు. ఆ తోపు ఒకరి వీపు నుంచి ఇంకొకరి వీపుకు పాకుతూ ముందుకు పోతుంది. చివరికి గుడి వాకిలి దగ్గరున్న మనిషి ఒక్క ఉదుటున లోపల పడ్డాడు. అతని వెనక ఖాళీ ఏర్పడింది. దాన్ని నింపడానికి వెనకతను అడుగేశాడు, అతని వెనక ఖాళీ. అలా ఆ ఖాళీ ఒక్కో అడుగూ వెనక్కి నడుస్తూ మీ దాకా వస్తుంది. మనుషులు ముందుకే పోతున్నారు, ఖాళీ మాత్రం వెనక్కి వస్తోంది. గొట్టంలో లోటు అల సరిగ్గా ఇదే.

ఆ లోటు మళ్ళీ సిలిండరు వాకిటికి చేరే సమయానికి పొగ తలుపు మూసుకోబోతూ, గాలి తలుపు అప్పుడే తెరుచుకుంటూ ఉంటే? రెండు తలుపులూ కలిసి తెరిచి ఉండే ఆ రెప్పపాటును ఇంజనీర్లు వాల్వ్ ఓవర్‌ల్యాప్ అంటారు. మనం జంటతెరపు అందాం. లోటు ఆ ఘడియకు వస్తే మూలల్లో దాక్కున్న పొగను ఊడ్చుకుపోతుంది, పోతూపోతూ అటువైపు నుంచి కొత్త గాలిని కూడా లోపలికి లాగుతుంది. పిస్టను ఇంకా పీల్చడం మొదలుపెట్టకముందే సిలిండరులోకి గాలి వచ్చేస్తుందన్నమాట. దీనికి స్కావెంజింగ్ అని పేరు. ఊడ్పు అంటే సరిపోతుంది.

లోటు బదులు ఆ ఘడియకు తోపు వస్తే? పోయిన పొగ మళ్ళీ ఇంట్లోకి వస్తుంది.

ఇక్కడే పేచీ. మీటరు పొడవున్న గొట్టంలో అల పోయి రావడానికి రెండు మీటర్ల ప్రయాణం, సెకనులో వెయ్యోవంతులు మూడున్నర పైచిలుకు. ఆ లోపల ఇంజను 6000 వేగంలో ఉంటే మూడో వంతు చుట్టుకు కాస్త ఎక్కువ తిరుగుతుంది. 3000 వేగంలో ఉంటే ఆరో వంతుకు కాస్త ఎక్కువ. గొట్టం అదే, అల అదే, కానీ తలుపులు వేర్వేరు చోట్ల ఉంటాయి. ఒక వేగంలో సరిగ్గా అందిన లోటు ఇంకో వేగంలో ఆలస్యంగా వచ్చి మూసిన తలుపు కొడుతుంది. అలలు ఇటూ అటూ నాలుగైదుసార్లు తిరుగుతూ నీరసిస్తాయి కాబట్టి లెక్క ఇంత సులువు కాదు. అయినా సారం ఇదే: ప్రతి గొట్టానికీ నచ్చిన ఒక వేగం ఉంటుంది. పొట్టి గొట్టానికి ఎక్కువ వేగం, పొడుగు గొట్టానికి తక్కువ వేగం. పిల్లనగ్రోవి పొడవును బట్టి శ్రుతి మారినట్టే.

కాబట్టి హెడర్ కొత్తగా బలం పుట్టిస్తుందనడం కంటే, బలాన్ని ఒకచోట కూడబెడుతుందనడం నిజానికి దగ్గర. పైన కొంత వస్తే కింద కొంత పోవచ్చు. మంచి హెడర్‌తో మామూలు ఇంజనుకు పెరిగేది నూటికి కొద్ది పాళ్ళే. దీనికి విలోమంగా ఒక ప్రయోగం మన కుర్రాళ్ళు ఎప్పుడో చేశారు. యమహా ఆర్‌ఎక్స్ 100 సైలెన్సరును సప్పుడు కోసం కోసేసినవాళ్ళకు బండి లాగుడు పోయి నెత్తి కొట్టుకోవడం గుర్తుండే ఉంటుంది. రెండు స్ట్రోకుల బండిలో ఆ ఉబ్బెత్తు గొట్టమే సగం ఇంజను.

రేసు కార్ల సంగతి వేరు. కోయంబత్తూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల నుంచి వచ్చిన ఎస్. కరివర్ధన్ 1980ల చివర్లో మారుతి 800 ఇంజనుతో ఫార్ములా మారుతి రేసు కార్లు తయారుచేశారు. 796 సీసీ, మూడే సిలిండర్లు. ట్రాకు మీద అలాంటి ఇంజను కింది వేగాలకు దిగే అవసరమే తక్కువ, కాబట్టి గొట్టాన్ని పై వేగానికి శ్రుతి చేసినా నష్టం లేదు. మన కుర్రాడు మాత్రం రోజూ ఇస్నాపూర్ చౌరస్తా దాటాలి.

నాలుగు కొమ్మలు, ఒక సంగమం

హెడర్ అంటే నాలుగు సిలిండర్లకు నాలుగు విడి గొట్టాలు, అవి కొంత దూరం ఎవరి దారిన వాళ్ళు పోయి ఒకచోట కలవడం. ఆ కూడలిని కలెక్టర్ అంటారు. జిల్లా కలెక్టర్ గుర్తొస్తాడు కాబట్టి నేను సంగమం అంటాను. ఈ సంగమంలోనే విశాలం దొరికి అల తిరుగుతుంది. నాలుగూ ఒకేసారి కలిస్తే పై వేగాలకు మంచిది. ముందు రెండేసి కలిసి, తర్వాత ఆ రెండూ కలిస్తే మధ్య వేగాల్లో బాగుంటుంది. జతలు ఇష్టమొచ్చినట్టు వేయకూడదు. ఈ ఇంజను సిలిండర్లు 1, 3, 4, 2 వరసలో మండుతాయి. ఒకటికి నాలుగు, రెండుకు మూడు జత వేస్తే ఏ జతలోనైనా ఇద్దరి ఊపిర్లకూ నడుమ పూర్తి ఒక చుట్టు ఎడం ఉంటుంది, ఒకరి పొగ ఇంకొకరి ముఖాన పడదు. ఊరి రోడ్డు మీద తిరిగే కారుకు ఈ జతల పద్ధతే నయమని నా అభిప్రాయం. కుర్రాడూ దానికే ఒప్పుకున్నాడు.

నాలుగు కొమ్మలూ ఒకే పొడవుండాలి. వంపులు తిరిగిన గొట్టం పొడవు కొలిచేదెలా? టేపు వంగదు, దారం లోపలి అంచుకు అతుక్కుపోతుంది. కుర్రాడు ఒక ఉపాయం తెచ్చాడు. ఒక కొన మూసి నీళ్ళు పోసి, ఆ నీళ్ళను కొలత గ్లాసులో పోశాడు. బయటి అడ్డుకొలత 38 మిల్లీమీటర్లు, గోడ మందం 1.6. అలాంటి గొట్టంలో ఒక సెంటీమీటరు పొడవుకు తొమ్మిదిన్నర మిల్లీలీటర్లు పడతాయి. మూడు గొట్టాలు దాదాపు సమానంగా వచ్చాయి, రెండో నంబరులో 19 మిల్లీలీటర్లు ఎక్కువ. అంటే రెండు సెంటీమీటర్లు. "గ్లాసుతోని గొట్టం పొడుగు కొలుస్తరా తమ్మీ?" అని నవ్వుతూనే వెల్డరు ఆ మేరకు కోశాడు.

మందుల ఫ్యాక్టరీ చెయ్యి

ఈ పని పటాన్‌చెరులోనే ఎందుకు బాగా కుదురుతుంది? పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం బెల్టు నిండా మందుల ఫ్యాక్టరీలు. మందు నడిచే ప్రతి గొట్టమూ స్టెయిన్‌లెస్ స్టీలే. దాన్ని లోపలా బయటా నున్నగా అతకగల చేతులు ఇక్కడ దొరుకుతాయి. మన వెల్డరు పదిహేనేళ్ళు అదే పని చేశాడు.

గొట్టం అతికేటప్పుడు బయటి అతుకును ఆర్గాన్ వాయువు కాపాడుతుంది. లోపలి వైపు మాటేమిటి? కరిగిన స్టీలుకు అక్కడ గాలి తగిలితే నల్లగా, చక్కెర గడ్డలా పొంగి గరుకు తేలుతుంది. వెల్డర్లు దాన్ని షుగరింగ్ అనే అంటారు. మందుల గొట్టంలో ఆ గరుకులో మురికి చేరుతుంది, హెడర్‌లో అక్కడే పగులు మొదలవుతుంది. అందుకని అతను రెండు కొనలూ రేకు టేపుతో మూసి, ఒక కొనలోంచి ఆర్గాన్ వదిలి, రెండో కొనలో సూది బెజ్జం పెట్టాడు. కాసేపాగి లైటరు వెలిగించి ఆ బెజ్జం దగ్గర పెట్టాడు. మంట టప్పున ఆరిపోయింది. లోపలి గాలంతా పోయి ఆర్గాన్ నిండిందని దానర్థం. అప్పుడు గాని టార్చి పట్టలేదు. పూర్తయ్యాక గొట్టాన్ని ఎండకేసి పట్టి లోపలికి చూపించాడు. ఉంగరం లాంటి సన్నని వెండి గీత, అంతే.

స్టీలు ఎంపికలో మాత్రం మందుల అలవాటు పనికిరాలేదు. మిగులు 316 రకం గొట్టం ఉంది, ఖరీదైనది, అదే వేద్దామన్నాడు. 316 ఆమ్లాలకూ ఉప్పునీళ్ళకూ తట్టుకోవడానికి పుట్టింది. ఇక్కడ శత్రువు వేడి, అదీ రోజుకు నాలుగుసార్లు కాగి నాలుగుసార్లు చల్లారే వేడి. దానికి టైటానియం కలిసిన 321 మేలు. అది దొరక్క చివరికి మామూలు 304తో సరిపెట్టుకున్నారు.

వేడికి స్టీలు సాగుతుంది. 80 సెంటీమీటర్ల గొట్టం ఆరువందల డిగ్రీలు వేడెక్కితే సుమారు 8 మిల్లీమీటర్లు పెరుగుతుంది. రెండు కొనలూ కదలకుండా బిగిస్తే అతుకులు చీలిపోతాయి. బొల్లారం రోడ్డు మీంచి పోతూ ఫ్యాక్టరీల ఆవిరి గొట్టాలు చూడండి, తిన్నగా పోతూపోతూ ఉన్నట్టుండి చదరంగా వంగి మళ్ళీ తిన్నగా సాగుతాయి. పనిలేక పెట్టిన వంపులు కావవి, సాగడానికి ఇచ్చిన చోటు. హెడర్‌లో అంత స్థలం లేదు కాబట్టి సంగమం దగ్గర ఒక గొట్టం ఇంకోదానిలోకి జారేలా వదిలి, స్ప్రింగులతో పట్టి ఉంచుతారు.

బిగింపు

ఇరవయ్యేళ్ళ నట్లు తేలిగ్గా రావు. ముందురోజు రాత్రే నూనె పోసి నానబెట్టారు. అయినా ఒక స్టడ్డు విరిగి, దాన్ని తవ్వి తీయడానికి ఒక పూట పట్టింది. ఈ కారులో పొగ తలుపులు ముందువైపు, రేడియేటరు పక్కన ఉంటాయి కాబట్టి చెయ్యి దూరుతుంది, అదొక అదృష్టం. అతుకుల వేడికి అరటికాయలా వంగిన ఫ్లాంజిని, అంటే హెడర్‌ను ఇంజనుకు బిగించే పలకను, మెషీన్ షాపులో చదును చేయించారు. గ్యాస్కెట్టు పెట్టి, నట్లను నడుమ నుంచి చివరలకు కొద్దికొద్దిగా బిగించారు. చివరల నుంచి మొదలుపెడితే నడుమ ఉబ్బి గాలి కారుతుంది.

గాలి కారితే ఏమవుతుందిలే అనుకోకూడదు. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కనిపెట్టే ఆక్సిజన్ సెన్సర్ అక్కడే ఉంటుంది. తోపుల నడుమ లోటు వచ్చినప్పుడు ఆ సందులోంచి బయటి గాలి లోపలికి పోతుంది. అది చూసి సెన్సరు పెట్రోలు తక్కువైందని చెబుతుంది, ఇంజను మెదడు నమ్మి ఎక్కువ పోస్తుంది. బండి తాగుబోతు అవుతుంది.

సెన్సరు తర్వాత ఉత్ప్రేరక పెట్టె, అంటే క్యాటలిటిక్ కన్వర్టర్. తేనెపట్టులాంటి గదుల మీద ప్లాటినం, పల్లేడియం, రోడియం పూత. చాలామంది హెడర్ పెట్టేటప్పుడు దీన్ని పీకేస్తారు. మేం పీకనివ్వలేదు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో పటాన్‌చెరు-బొల్లారం తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాకెక్కింది, ఫ్యాక్టరీల వ్యర్థాలు కలిసిన నక్కవాగు నీళ్ళ కథ ఈ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. అలాంటిచోట బతుకుతూ ఆ పెట్టె పీకడానికి మనసెలా ఒప్పుతుంది? అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆ పెట్టె రెండువందల యాభై, మూడువందల డిగ్రీలకు కాగితే గాని పనిలోకి దిగదు. హెడర్ పొడుగైన కొద్దీ పొగ దారిలోనే చల్లారుతుంది, పొద్దున్నే స్టార్టు చేసినప్పుడు పెట్టె ఆలస్యంగా మేల్కొంటుంది.

చట్టం సంగతి కుర్రాడికి ముందే చెప్పాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కంపెనీ నిర్దేశించిన తీరుకు విరుద్ధంగా బండిని మార్చవద్దంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే గట్టిగా చెప్పింది. ఆ ఏడాది సవరణ ప్రకారం అలాంటి ఒక్కో మార్పుకు యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ. శబ్దం, పొగ హద్దు దాటితే 10,000 దాకా వేరే. విశాఖపట్నంలో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలరు కింద వేసి తొక్కించారు. "వెనక సైలెన్సరు కంపెనీదే సార్, సప్పుడు రాదు" అన్నాడు కుర్రాడు. అది చట్టానికి జవాబు కాదని అతనికీ తెలుసు.

మొదటి వారంలోనే హెడర్ అడుగు ఒక స్పీడ్ బ్రేకరుకు గీసుకుంది. వేగం మాటంటారా, ఇస్నాపూర్ నుంచి బీరంగూడ దాకా ట్రాఫిక్కులో ఇంజను చుట్లు చూపే టాకోమీటరు ముల్లు 2500 దాటితే గొప్ప. ఆ గొట్టం శ్రుతి అందుకునే మధ్య వేగాలు అంతకు చాలా పైన.

గొట్టం మీద రంగులు

రెండు వారాలకు నట్లు మళ్ళీ బిగించడానికి కారు షెడ్డుకు వచ్చింది. కాగి చల్లారాక నట్లు వదులవుతాయి, ఇది తప్పనిసరి. బానెట్ ఎత్తగానే వెల్డరు పని ఆపి గొట్టాలకేసి చూస్తూ ఉండిపోయాడు.

వెండిలా మెరిసిన స్టీలు రంగులు తిరిగింది. వాన నీళ్ళ మీద డీజిలు చుక్క పడితే కనిపించే రంగులు ఎలాంటివో ఇవీ అలాంటివే. కాగిన స్టీలు మీద కంటికి కనపడనంత పలచని ఆక్సైడు పొర పేరుకుంటుంది. పొర పైనుంచి, అడుగు నుంచి తిరిగొచ్చే వెలుగులు కలిసి, పొర మందాన్ని బట్టి ఒక్కో రంగు చూపిస్తాయి. తక్కువ కాగితే గడ్డిరంగు, ఇంకాస్త కాగితే బంగారు, తర్వాత ఊదా, ఆపైన నీలం. ధర్మామీటరు లేకుండా వేడి చదవొచ్చు.

ఒకటి, రెండు, నాలుగు గొట్టాలు గోధుమ బంగారు రంగులో ఉన్నాయి. మూడోది ముదురు నీలం.

"మూడో నంబరు ఎక్కువ కాగుతుంది తమ్మీ. ఇంజెక్టర్ చూపించుకో" అన్నాడు.

చూపించాడు. మూడో ఇంజెక్టరు మూతి సగం పూడిపోయి ఉంది. పెట్రోలు చాలక ఆ సిలిండరు అదనంగా వేడెక్కుతోంది. ఎన్నేళ్ళ నుంచో! పోత ఇనుప మానిఫోల్డ్ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కడిగించాక కుర్రాడు ఫోను చేశాడు. "సార్, ఇప్పుడు ఉరుకుతుంది. చెప్పిన గదా, హెడర్ పని చేస్తదని."

పాత మానిఫోల్డ్ మళ్ళీ బిగించి నడిపితే ఏది హెడర్ పనో, ఏది ఇంజెక్టర్ పనో తేలిపోతుందన్నాను. చట్టం గొడవ కూడా తీరుతుంది. కుర్రాడు సరేనన్నాడు గాని, ఆ స్టడ్లు ఇంకోసారి విప్పడానికి వెల్డరు ఒప్పుకోలేదు.